ప్లీజ్ పిల్లలకే

తెలుగువాళ్లకు మర్యాదగా అడగడం రాదని, ప్లీజులూ థాంక్యూలూ ఇంగ్లిష్‌తోనే అబ్బుతాయని స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పేవాళ్లు తరచూ సెలవిస్తుంటారు. ఆ అబ్బిన మర్యాద ఎలా ఉంటుందో ఇంగ్లిష్ మీడియం క్లాసుల్లో కనిపిస్తూనే ఉంటుంది. గోడ మీద ప్లీజ్, సారీ, థాంక్యూ అని రంగురంగుల చార్టు. దాని కిందే టేబుల్ మీద స్కేలు చప్పుడు, "షటప్! సిట్ డౌన్!" గుమ్మంలో ఓ పిల్లవాడు "మే ఐ కమిన్ మేడమ్?" అని మూడోసారి అడుగుతుంటాడు. నోటి నుంచి జవాబు రాదు, వేలు కదులుతుంది. ఆ వేలికీ వాడు థాంక్యూ చెప్పుకోవాలి.

ఇదేమిటండీ అంటే సంస్కృతి అడ్డొస్తుంది. మనది గురువును దైవంగా కొలిచే దేశమట, టీచరు ప్లీజ్ అంటే లోకువైపోతారట. బాగుంది. పిల్లలు వంగాల్సినప్పుడు లండన్ మర్యాద, పెద్దలు వంగాల్సినప్పుడు గురుకుల సంప్రదాయం! పోనీ, మర్యాద ఇంగ్లిష్ సొత్తేనా? మర్యాద సిద్ధాంతంలో పెద్ద పేర్లు పెనెలపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్. 1978లో వెలువడి 1987లో విడి పుస్తకంగా వచ్చిన వాళ్ల రచనకు ఆధారమైన మూడు భాషల్లో ఇంగ్లిష్ ఒకటి, మెక్సికోలోని త్సెల్తాల్ మరొకటి. మూడోది కోయంబత్తూరు జిల్లాలో ఓ పల్లె తమిళం. ఎదుటివాడి పరువు కాపాడే ఉపాయాలు అన్నిటిలోనూ ఉన్నాయనే వాళ్లు తేల్చారు. తెలుగులో క్రియ చివర ఒక్క "అండి" తగిలిస్తే సగం పని అయిపోతుంది. అలాంటి భాష నోట వచ్చిందనే 2009లో కడప జిల్లా మైదుకూరులో ఓ బడివాళ్లు, ఇక తెలుగు మాట్లాడనని రాసిన పలకలు పిల్లల మెడలో వేలాడదీశారు. వేసే ముందు "ఇఫ్ యూ డోంట్ మైండ్" అన్నారో లేదో.

అరవై మంది ఉన్న గదిలో "వుడ్ యూ మైండ్" అంటూ కూర్చుంటే పీరియడ్ అయిపోతుందంటారు. నిజమే, అదెవరూ అడగడం లేదు. "పుస్తకాలు తీయండి" అనడానికి ఎంతసేపు పడుతుంది? "ఏరా"లో చనువుంది కదా అంటారు. ఉంది, గోదావరి జిల్లాల్లోనైతే ముద్దు కూడా ఉంది. కాకపోతే ఆ చనువు ఎమ్మార్వో గారబ్బాయి బెంచీ దగ్గరికొచ్చేసరికి "బాబూ" అయిపోతుంది. ఫీజు బాకీ ఉన్నవాడి దగ్గర మాత్రం చెక్కుచెదరదు.