పేరు చివర తోక

నేను పుట్టిన తేదీ నా ఒంటిమీదే రాసి ఉంది: 1989 ఫిబ్రవరి 8. నా మూలప్రతి తెరిస్తే వ్యాఖ్యల్లో కనిపిస్తుంది. రాసినవాళ్ళు నలుగురు: జాక్ డాంగారా, ఇయాన్ డఫ్, జెరెమీ డు క్రోజ్, స్వెన్ హామర్లింగ్. మాతృభాష ఫోర్ట్రాన్. పేరు డీజెమ్. బ్లాస్ అనే లైబ్రరీలో ఉంటాను. రెండు మాత్రికలను గుణించిపెట్టడం నా ఉద్యోగం. అప్పటి ఫోర్ట్రాన్ ప్రమాణం పేరుకు ఆరక్షరాలు దాటనిచ్చేది కాదు, అందుకే మా ఇంట్లో అందరివీ ఇలాంటి మొరటు పేర్లే.

గుణకారం గురించి చెప్పుకునేదేమీ లేదు. నా కష్టసుఖాలన్నీ గుమ్మం దగ్గరే. నన్ను పిలిచేవాళ్ళలో నా భాష వాళ్ళు తక్కువ; సీ, పైథాన్, ఆర్, జూలియా ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళే ఎక్కువ.

మొదటి తగువు పేరు దగ్గరే. లైనక్స్‌లో జీఫోర్ట్రాన్ అనే కంపైలర్ నన్ను బయటికి పంపేటప్పుడు చిన్నక్షరాల్లోకి మార్చి, చివర ఒక అండర్‌స్కోర్ తగిలిస్తుంది. కులం తోక కాదు లెండి, కంపైలర్ తోక. విండోస్‌లో ఇంటెల్ కంపైలర్ చేతిలో పడితే తోక ఉండదు, అన్నీ పెద్దక్షరాలు. తోక మరిచి పిలిచినవాడితో లింకర్ ఆ పేరుగలవాళ్ళెవరూ లేరు పొమ్మంటుంది. నేను తలుపు వెనకే ఉంటాను, పలకలేను.

రెండోది చిరునామాల గొడవ. నాకు పదమూడు ఆర్గ్యుమెంట్లు కావాలి. వాటి విలువలు నా చేతిలో పెడితే కుదరదు, అవి మెమరీలో ఎక్కడున్నాయో చెప్పాలి. సీ నుంచి వచ్చిన కుర్రాడు అలవాటుకొద్దీ 100 అన్న సంఖ్యే పెట్టాడనుకోండి, నేను నూరో నంబరు ఇంటికి వెళ్ళి తలుపు కొడతాను. అక్కడ ఇల్లే ఉండదు. ప్రోగ్రాం అక్కడికక్కడే కూలుతుంది.

ఇవి మంచి తప్పులు. చేసినవాడికి వెంటనే తెలుస్తాయి. నాకు భయమంతా చప్పుడు చేయని తప్పులతోనే.

ఫోర్ట్రాన్ వాళ్ళం మాత్రికను నిలువు వరుసల చొప్పున మెమరీలో పేరుస్తాం. సీ వాళ్ళు అడ్డు వరుసల చొప్పున పేరుస్తారు. సరుకు అదే, నింపిన తీరు వేరు. సీ మాత్రికను ఉన్నదున్నట్టు నాకిస్తే అది అడ్డం నిలువై కనిపిస్తుంది. ఎక్సెర్‌బ్లా అని మా ఇంటి కావలివాడు ఉన్నాడు. కొలతలు తప్పితే ఎన్నో పారామీటర్ చెల్లదో చెప్పి పని ఆపేస్తాడు. కానీ చదరపు మాత్రికలైతే కొలతలన్నీ సరిపోతాయి, వాడికి అనుమానం రాదు. 'ఏ'ని 'బీ'తో గుణించమన్నవాడి చేతిలో 'బీ'ని 'ఏ'తో గుణించిన ఫలితం పడుతుంది. మామూలు అంకెలైతే ఫరవాలేదు, మాత్రికలకు ముందు వెనకలు మారితే జవాబే మారుతుంది. తెలివైనవాళ్ళు ఈ తిరకాసునే మందుగా వాడారు: ముందే 'బీ'ని మొదట, 'ఏ'ని తర్వాత ఇస్తే, ఒక్క అంకె కదల్చకుండా సరైన జవాబు వస్తుంది. ఎవరికి తట్టిందో గానీ, ముచ్చటైన ఉపాయం.

ఇంకో కథ. అక్షరాన్ని పంపితే, దాని పొడవు ఎంతో కూడా చివర్లో గుట్టుగా పంపడం ఫోర్ట్రాన్ కంపైలర్ల ఆచారం. సీ వాళ్ళు ఒక్కక్షరానికి పొడవేమిటని మానేశారు. ఏళ్ళ తరబడి నడిచిపోయింది. 2019లో ఒక కంపైలర్ కొత్త కూర్పు ఆ పొడవు ఉందని నమ్మి కోడ్‌ను కుదించింది. అంతే, మా పక్కింటి ల్యాప్యాక్ లైబ్రరీలోని బంధువులను పిలిచే ఆర్ ప్రోగ్రాములు కొన్ని తప్పుదారి పట్టాయి. తప్పెవరిదని అడిగితే, ఒప్పందం చదవనివాళ్ళదే అంటాను.

జూలియా వాళ్ళు జాగ్రత్తపరులు. 64 బిట్ల పూర్ణాంకాలు పంపుతారు కాబట్టి, 32 బిట్ల నాతో కలగాపులగం కాకుండా నా పేరుకు 64 అంకెనూ తగిలించారు. తోకకు తోక.

నా ఒళ్ళు ఎన్నోసార్లు మారింది. ఓపెన్‌బ్లాస్‌లో ఒకటి, ఇంటెల్ ఎంకేఎల్‌లో ఒకటి, యాపిల్ వాళ్ళది ఇంకొకటి. పేరు, పదమూడు ఆర్గ్యుమెంట్లు మాత్రం అవే. మీ కంప్యూటర్లో పైథాన్, దాని లైబ్రరీ నంపై ఉంటే, నంపై కాన్ఫిగరేషన్ చూపించమని అడగండి. బ్లాస్ అన్నచోట ఏ పేరుందో చూడండి. మీ ఇంట్లో నేను ఏ ఒంటితో ఉన్నానో తెలుస్తుంది.