షుగర్ సారు

ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నాచారం దాకా ఏ కాలనీకి వెళ్ళినా ఒక వాటర్ ప్లాంటు, ఒక కర్రీ పాయింటు, ఒక షుగర్ సారు ఖాయం. మొదటి రెండింటికీ బోర్డులుంటాయి. మూడో ఆయనకు బోర్డు అక్కర్లేదు. పొద్దున్నే పార్కు గేటు దగ్గర మంకీ క్యాపు పెట్టుకుని నిలబడి, ఎదురొచ్చినవాళ్ళను నంబరు అడిగి పలకరించే మనిషే ఆయన.

"ఏమన్నా, పరగడుపున ఎంతొచ్చింది?"

"142 సార్."

"మెంతులు నానబెడ్తలేవా? చెప్పిన కదా నీకు!"

అసలు వచ్చింది 168. జీతం ఎక్కువ చేసి, షుగర్ తక్కువ చేసి చెప్పడం పార్కు మర్యాద. ఆ సంగతి సారుకూ తెలుసు, ఎందుకంటే ఆయన చెప్పే నంబరూ అలాంటిదే.

ఆయనకు షుగర్ వచ్చి 18 ఏళ్ళయింది. మరి సలహాలివ్వడానికి ఇంకేం అర్హత కావాలి? కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి, కుండీలో ఇన్సులిన్ మొక్క, కొర్రలు, అండుకొర్రలు అన్నీ అయ్యాయి. వాటితోపాటు రోజూ రెండు మెట్‌ఫార్మిన్ బిళ్ళలు కూడా వేసుకుంటాడు గానీ ఆ మాట బయట పెట్టడు. షుగర్ తగ్గితే పేరు కాకరకాయకు, పెరిగితే నింద ఇంగ్లీషు మందుకు. ఆ బిళ్ళ వెనక గలీగా అనే మొక్క చరిత్ర ఉందనీ, యూరప్ పల్లెల్లో ఒకప్పుడు దాన్ని మందుగా వాడేవారనీ చెబితే మాత్రం మురిసిపోతాడు. "చూసిన్రా? చెట్టుమందే!"

టైపుల గురించి ఆయనకు సొంత సిద్ధాంతం ఉంది. సర్వీసంతా సెంట్రల్ గవర్నమెంటు క్వార్టర్లలో గడిపిన మనిషి. అక్కడ టైప్ 1 అంటే అన్నిటికంటే చిన్న ఇల్లు, ప్రమోషన్ వచ్చేకొద్దీ టైప్ 2, టైప్ 3, అట్లా పెద్ద ఇళ్ళు. షుగర్‌నూ ఆయన అదే వరసలో పెట్టేశాడు. "టైప్ 1 అంటే ఇప్పుడిప్పుడే మొదలైనట్టు. చూసుకోకపోతే టైప్ 2కి పోతది." తనది టైప్ 2 కాబట్టి సీనియారిటీ తనదే. 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య బ్యాంకాక్ సదస్సులో టైప్ 5ను గుర్తించిందన్న వార్త పేపర్లో చదివిన రోజు పార్కులో ఒకటే హడావిడి. "ఐదు దాకా పోయిందంట! జాగ్రత్తగుండుండ్రి." చిన్నప్పటి నుంచీ సరైన తిండిలేక బక్కచిక్కినవాళ్ళకు వచ్చే రకం అదని వార్త లోపల రాసే ఉంది. సారు హెడ్డింగులతో ఆగిపోతాడు.

నిజానికి ఈ అంకెలు మెట్లు కావు. టైప్ 1లో, రోగాలతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థే దారి తప్పి, క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తుంది. ఇన్సులిన్ దాదాపు పూర్తిగా ఆగిపోతుంది కాబట్టి బయటి నుంచి తీసుకోక తప్పదు, బతికినంతకాలం. తరచుగా చిన్నతనంలోనే బయటపడుతుంది గానీ పెద్దయ్యాక కూడా రావచ్చు. చాక్లెట్లు తినడానికీ దానికీ సంబంధం లేదు. టైప్ 2లో ఇన్సులిన్ ఉంటుంది, ఒళ్ళు దాని మాట వినదు. వంశం, నడుము చుట్టూ కొవ్వు, కదలని బతుకు, వయసు అన్నీ కలిసి తెచ్చిపెడతాయి. కొన్నేళ్ళకు దానికీ ఇన్సులిన్ అవసరం పడొచ్చు. అలా పడినంత మాత్రాన అది టైప్ 1 అయిపోదు. భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగి 2023లో అచ్చయిన ఇండియాబ్ సర్వే మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళను 10.1 కోట్లుగా లెక్కగట్టింది. అందులో అత్యధికులు టైప్ 2. అందుకే సారు తన షుగరే షుగర్ అనుకుంటాడు.

ఆయన ఉండే అపార్టుమెంటులోనే మొదటి అంతస్తులో డిగ్రీ చదివే అమ్మాయి ఉంది. తొమ్మిదో ఏట నుంచీ టైప్ 1. ఫ్రిజ్ తలుపు అరలో గుడ్ల పక్కన ఆమె ఇన్సులిన్ ఉంటుంది. 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లదానికి నారింజ మూత సిరంజి. తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు తేడా కొడుతుంది. మందుల షాపులో కొత్తగా చేరిన కుర్రాడు పొరపాటున వేరే మూతది తీస్తే ఈ పిల్లే పాఠం చెప్పి వస్తుంది. సారు మాత్రం ఆమెను లిఫ్టులో చూసినప్పుడల్లా నిట్టూరుస్తాడు.

"ఇంత చిన్న వయసుల షుగరేంది బిడ్డా! స్వీట్లు బాగ తిన్నవా చిన్నప్పుడు?"

"లేదంకుల్."

"సూదులు అలవాటు చేసుకోకు. ఒక్కసారి మొదలువెడితే ఇడువయి. తిండి తగ్గియ్యి, అదే పోతది."

తిండి తగ్గించే వైద్యం ఒకప్పుడు ఉండేది. ఇన్సులిన్ రాకముందు డాక్టర్లు టైప్ 1 పిల్లల కడుపు మాడ్చి కొన్ని నెలలు, మహా అయితే కొన్నేళ్ళు నెట్టుకొచ్చేవారు. 1922 జనవరిలో టొరంటోలో లెనర్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించేనాటికి వాడు ఎముకల గూడు. ఆ ఇంజెక్షన్ల పుణ్యాన మరో 13 ఏళ్ళు బతికాడు. ఇన్సులిన్ కనుక్కున్నవాళ్ళలో ఒకడైన బాంటింగ్ పుట్టిన నవంబరు 14నే ప్రపంచ మధుమేహ దినం జరుపుతారు. ఆ రోజు కాలనీ వాకింగ్ ర్యాలీలో బ్యానరు పట్టుకునేది సారే. అమ్మాయిని మానేయమన్న మందు కనుక్కున్నవాడి పుట్టినరోజు పండగకు ఆయనే పెద్ద.

ఒకరోజు మధ్యాహ్నం ఉప్పల్ స్కైవాక్ మీద ఆ పిల్లకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. చేతికున్న సెన్సర్ రీడింగు ఫోన్‌లో చూసుకుంటే 58. బ్యాగులోంచి మామిడి జ్యూసు డబ్బా తీసి స్ట్రా గుచ్చింది. మెట్రో దిగి వస్తున్న సారు కంటబడనే పడింది.

"అరె! షుగర్ పేషెంటువి, జ్యూసు తాగుతవా?" అని డబ్బా లాక్కోబోయాడు.

గ్లూకోజు 70కి దిగువకు పోతే చక్కెరే మందు. 15 గ్రాములు, అంటే టీ చెంచాతో మూడు చెంచాల చక్కెరో, దానికి సమానమైన తీపి పానీయమో తీసుకుని, 15 నిమిషాలాగి మళ్ళీ చూసుకోవాలి. అలాగే వదిలేస్తే స్పృహ తప్పొచ్చు, ఫిట్స్ రావచ్చు. ఆ అమ్మాయి ఇవేవీ వివరించే ఓపిక లేక, రెయిలింగు వైపు తిరిగి డబ్బా మొత్తం లాగించేసింది. సాయంత్రానికల్లా సారు వాళ్ళమ్మ దగ్గర హాజరు. "చెప్పొద్దనుకున్న చెల్లమ్మా, పిల్ల బయట దొంగతనంగ జ్యూసులు తాగుతున్నది."

ఇదంతా ఎక్కడ జరుగుతోందో చూడండి. సారు బస్సెక్కితే పావుగంటలో తార్నాక, అక్కడ జాతీయ పోషకాహార సంస్థ. మనం తినే ప్రతి గింజనూ పిండి చూసి పట్టికలు వేసినవాళ్ళు. 100 గ్రాముల చక్కెరలో 398 కేలరీలు, అంతే బెల్లంలో 383 అని వాళ్ళ పుస్తకమే చెబుతుంది. "బెల్లం నేచురల్, ఏం కాదు" అని సారు టీలో రెండు ముక్కలు వేసుకుంటాడు. ఇక హబ్సిగూడలో, సాక్షాత్తూ ఉప్పల్ రోడ్డు మీద, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. సన్నగా ఉండి చిన్న వయసులోనే టైప్ 2 వచ్చేవాళ్ళు మన దేశంలో ఎక్కువ కాబట్టి ఏది ఏ టైపో తేల్చడం డాక్టర్లకే కష్టం. జన్యువుల స్కోరుతో దాన్ని తేల్చవచ్చా అని పుణె కేఈఎం ఆసుపత్రి, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయాలతో కలిసి సీసీఎంబీ వాళ్ళు పరిశోధించి 2020లో ప్రచురించారు. యూరప్ జనం మీద తయారైన స్కోరు మనవాళ్ళలోనూ పనికొస్తుందని తేలింది. సారు ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు పోయాడో. అది పురుగుమందుల కంపెనీ అని ఆయన నమ్మకం.

పత్యంలో మాత్రం ఆయన్ను తప్పుపట్టలేం. రాత్రి అన్నం ముట్టడు. జొన్న రొట్టెలే, నాలుగు. "రొట్టె కదా!" పెళ్ళిళ్ళలో స్వీటు వైపు చూడడు, చూడనందుకు బహుమానంగా బిర్యానీ రెండోసారి పెట్టించుకుంటాడు. వినాయకుడి లడ్డూ ప్రసాదం, దానికి షుగర్ లెక్క ఉండదు. రక్తపరీక్షకు రెండు రోజుల ముందు ఉపవాసం చేస్తాడు. ఆ ఎత్తు పరగడుపు పరీక్ష దగ్గర పారుతుంది గానీ హెచ్‌బీఏ1సీ దగ్గర పారదు. ఎర్ర రక్తకణాలు 120 రోజుల దాకా బతుకుతాయి, వాటికి పట్టిన చక్కెర రెండు మూడు నెలల బండారం బయటపెడుతుంది. 8.9 వచ్చింది. సారు ల్యాబు మార్చాడు. అక్కడ 9.

క్రికెట్ సంగతి వస్తే అమ్మాయికి ఒక ఛాన్సు దొరికింది. ఆటగాళ్ళకు షుగర్ రాదని సారు అంటుంటే, వసీం అక్రమ్‌కు 1997లోనే టైప్ 1 బయటపడిందనీ, ఇన్సులిన్ తీసుకుంటూనే 2003 ప్రపంచకప్‌లో వన్డేల్లో 500వ వికెట్ తీశాడనీ చెప్పింది. సారు కాసేపు ఆలోచించాడు. "అందుకేనేమో చివర్ల స్పీడు తగ్గింది."

ఈ మధ్య అమెరికాలో ఉన్న కొడుకు డబ్బు పంపి, చేతికి అంటించుకునే సెన్సర్ తెప్పించాడు. అమ్మాయి చేతికి ఉన్నలాంటిదే. అంటించింది కూడా ఆమే. రెండు వారాలపాటు రాత్రీపగలూ గ్లూకోజు చూపిస్తుంది. మొదటిరోజు సారు ఫోన్ పట్టుకుని పార్కంతా తిరిగాడు. రెండోరోజు రాత్రి రొట్టెల తర్వాత గీత నిలువునా లేచి 241 చూపించింది. గబగబా మొదటి అంతస్తుకు దిగొచ్చి మిషన్ ఖరాబైందన్నాడు. అమ్మాయి వేలికి గుచ్చి గ్లూకోమీటర్లో చూసింది. 236.

సారు రెండు అంకెలనూ మార్చిమార్చి చూశాడు. తర్వాత మొహం వెలిగింది.

"ఇవి రెండూ నీ టైప్ 1 వాళ్ళ మిషన్లు బిడ్డా. నాది టైప్ 2. ఆ రోగం వేరు, ఈ రోగం వేరు, తెల్వదా నీకు?"