రెంటచింతల ఓవర్‌క్లాకర్

కంపెనీ ముద్ర వేసి ఇచ్చిన వేగం ప్రాసెసర్‌కు చాలదని నమ్మి, దాన్ని ఇంకాస్త పరిగెత్తించేవాడు ఓవర్‌క్లాకర్. చలిదేశాల్లో ఈ జాతికి కిటికీ తెరిస్తే సగం పని అయిపోతుంది. పల్నాడులోని రెంటచింతలలో కిటికీ తెరిస్తే వడగాలి వస్తుంది. వేసవి వార్తల్లో ఎండలకు పేరుమోసిన ఊరది. మే నెలలో 45 డిగ్రీలు అక్కడ విశేషం కాదు. అందుకే ఇక్కడి ఓవర్‌క్లాకర్ తన జాతిలో అందరికన్నా మొండివాడు, గతిలేక అందరికన్నా జాగ్రత్తపరుడు.

ఇతని ఇలవేల్పు 2007లో వచ్చిన ఇంటెల్ కోర్ 2 క్వాడ్ క్యూ6600. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్‌హ్యాండ్‌ది బేరమాడుతూ, ధర కంటే ముందు "జీ0నా, బీ3నా?" అని అడుగుతాడు. చాదస్తం కాదది. మొదట వచ్చిన బీ3 రకానికి 105 వాట్ల వేడి లెక్క, తర్వాతి జీ0కు 95. పల్నాట్లో పది వాట్లు తక్కువంటే కట్నం కింద లెక్క.

దాని వేగం 266 మెగాహెర్ట్జ్ బస్సు వేగాన్ని తొమ్మిదితో హెచ్చిస్తే వచ్చే 2.4 గిగాహెర్ట్జ్. తొమ్మిదిని పెంచనివ్వరు కాబట్టి బయోస్‌లో బస్సునే పెంచాలి. 333కు చేరితే 3.0. ఒక్క ఉదుటున వెళ్లడు. పది చొప్పున పెంచుతూ ప్రతి మెట్టు దగ్గరా ప్రైమ్95 పరీక్ష నడుపుతాడు. ర్యామ్ తన హద్దు దాటకుండా, పీసీఐ ఎక్స్‌ప్రెస్ వంద మెగాహెర్ట్జ్‌లోనే ఉండేలా చూస్తాడు. రాత్రంతా నడవాల్సిన పరీక్షలో తెల్లవారుజామున కరెంటు పోతే తప్పు ప్రాసెసర్‌ది కాదు గానీ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

వోల్టేజీ జోలికి ఆఖర్నగానీ పోడు. ఖర్చయ్యే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతుంది: 2.4ను 3.0 చేసి, 1.25 వోల్టులను 1.40 చేస్తే వేడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఆ వేడిని హీట్‌సింక్ గదిలోకి నెట్టగలదు. చిప్‌ను గదికన్నా చల్లగా మాత్రం ఉంచలేదు. జనవరి రాత్రి గది 20 డిగ్రీలున్నప్పుడు 60 చూపిన కోర్, అదే భారంతో మే మధ్యాహ్నం 85 చూపుతుంది.

ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ అందుకే పక్క రేకు ఊడదీసిన సీపీయూ వైపు తిరిగి ఉంటుంది. "ఒరే, ఆ పెట్టెకి చెమట పడుతుందా, మాకు పడుతుందా?" అని తల్లి అడుగుతుంది. "దానికి పట్టకూడదనేగా అమ్మా!" అంటాడు. మిరప కల్లం నుంచి వచ్చిన ఎర్రటి దుమ్మును హీట్‌సింక్ రెక్కల్లోంచి బ్రష్‌తో దులపడం, ఎండిన థర్మల్ పేస్ట్ తుడిచి బియ్యపుగింజంత కొత్తది పెట్టడం ఏటా సంక్రాంతి పనుల్లో ఒకటి.

ఇంతా చేసి సాధించిన వేగంతో చేసే పని పక్కింటివాళ్లకు అడంగల్ ప్రింటు తీసివ్వడం. అవతలి సర్వర్ తన తీరికన తాను పలుకుతుంది. ఈలోగా ఇతను ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూసి ఆనందిస్తాడు.

ఏప్రిల్ రాగానే 3.0 దిగిపోతుంది. కొందరు 2.4తో ఆగరు, హెచ్చింపును ఆరుకు దించి 1.6కు తెచ్చి, వోల్టేజీ కూడా తగ్గించి, దానికి సమ్మర్ ప్రొఫైల్ అని గౌరవంగా పేరు పెడతారు. ఎప్పుడైనా అత్యాశకు పోయి తెర నల్లబడితే, ప్లగ్గు పీకి మదర్‌బోర్డు మీది రూపాయిబిళ్లంత బ్యాటరీని కాసేపు తీసిపెడితే చాలు, పాత లెక్కలు తిరిగొస్తాయి. కొత్త లెక్కలు గోడ క్యాలెండర్‌లో పాల ఖాతా పక్కన ఎలాగూ రాసి ఉంటాయి.