ఖర్చుకు కట్... టికెట్‌కు యాక్షన్!

ఖర్చులు హద్దు దాటాయంటూ 2022 ఆగస్టు 1 నుంచి తెలుగు సినిమా నిర్మాతల గిల్డ్ షూటింగులు ఆపేసింది. ఫిలింనగర్‌లో మీటింగుల మీద మీటింగులు. తారల పారితోషికం, వాళ్ల స్టాఫ్ ఖర్చులు, సెట్‌కొచ్చే వేళలు... అన్నీ చర్చకొచ్చాయి. సెప్టెంబరులో మళ్లీ క్లాప్ కొట్టారు. పనితీరు బాగుపడితే సరుకు నాణ్యత పెరగాలి, కొనేవాడికి ఊరట దక్కాలి. వృథాను ఏరేస్తూ టయోటా కార్లవాళ్లు పైకొచ్చిన దారి అదే. మరి మనవాళ్లు? 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ ప్రీమియర్‌కు తెలంగాణలో టికెట్ మీద అదనంగా 800 రూపాయలకు అనుమతి తెచ్చుకున్నారు. అసలు వృథా ఎక్కడుందో పట్టేశారన్నమాట... ప్రేక్షకుడి జేబులో మిగిలిపోయే డబ్బు! (పాప్‌కార్న్ లెక్క వేరే లెండి.) అయ్యా, మొదటి రోజే ఎగబడకండి. నాలుగు రోజులాగితే రేటు దిగుతుంది, కథేమీ మారదు.