బేరింగు బాబాయి

పాల్వంచ, కొత్తగూడెం, మణుగూరు, సారపాక. వీటిలో ఏ ఊరి కాలనీ చివరికి వెళ్లినా రేకుల షెడ్డులో ఒక పాత లేతు, దాని ముందు ఒక రిటైర్డు ఫిట్టరు కనిపిస్తారు. ఆయన్ని బేరింగు బాబాయి అందాం. సింగరేణి గనులు, థర్మల్ స్టేషన్, భారజల కర్మాగారం, 1979 నుంచి కాగితం మిల్లు... అడవి అంచున ఇన్ని యంత్రాలు పెట్టాక ఈ జాతి పుట్టకుండా ఎలా ఉంటుంది? రిటైర్మెంటు డబ్బుల్లో పిల్ల పెళ్లికి పోగా మిగిలినదానితో, బటాలాలోనో రాజ్‌కోట్‌లోనో తయారైన ఆరడుగుల లేతు సెకండ్ హ్యాండులో షెడ్డులో దిగుతుంది. దిగిన కొన్నాళ్లకే గరగర. బేరింగు మారుస్తారు. ఏడాది తిరక్కుండానే మళ్లీ గరగర. చుట్టుపక్కలవాళ్లు దీన్ని పాత మిషన్ రోగం అనుకుంటారు. నేనలా అనుకోను. ఆ బేరింగుల్లో చాలావాటికి ఎక్కించిన రోజే, బాబాయి చేతిలోనే ఆయువు తీరింది.

షాపులో ఆయన్ని చూసి తీరాలి. 6206 అని అడగ్గానే, చివరి రెండంకెల్ని ఐదుతో హెచ్చవేస్తే ముప్పై మిల్లీమీటర్ల షాఫ్టు అని పక్కనున్నవాడికి పాఠం చెబుతారు. బయటి కొలత 62, మందం 16, అన్నీ నోటికే. ఇంటికొచ్చాక ఈ పాండిత్యమంతా సుత్తిలోకి దిగుతుంది. షాఫ్టును టైటుగా పట్టేది లోపలి రింగు, కాబట్టి దెబ్బ దానిమీదే పడాలి. అందుకు సరిపోయే గొట్టం ముక్క వెతికే ఓపిక లేక, బయటి రింగు మీద చెక్కముక్క ఆనించి నాలుగు వాయిస్తారు. ఆ దెబ్బ గుండ్ల మీదుగా లోపలి రింగుకు చేరుతుంది. పోతూపోతూ ఒక్కో గుండు తను కూర్చున్న చోట కంటికి ఆనని గుంట పెడుతుంది. ఆ పూటకి లేతు మెత్తగానే తిరుగుతుంది. గుంటల అంచులు రేగి గరగర మొదలయ్యేసరికి సుత్తి సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇక గ్రీజు. లోపలి ఖాళీలో మూడోవంతు నింపితే చాలు, ఆయన ఆవకాయ జాడీకి నూనె పోసినట్టు పైదాకా కూరతారు. అదంతా లోపల నలిగి, వేడెక్కి, కరిగి కారుతుంది. పైగా బెల్టు జారుతోందని మోటారును వెనక్కి లాగి బిగదీస్తారు. బాల్ బేరింగు మీద బరువు రెట్టింపైతే లెక్క ప్రకారం దాని ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఇన్ని చేశాక ఆయన ఇచ్చే తీర్పు ఒకటే: "డూప్లికేట్ మాలు!"

బజార్లో నకిలీ బేరింగులు లేవా అంటే ఉన్నాయి. కాకపోతే బాబాయి పీకి పారేసిన బేరింగును కోసి చూడండి. గుండుకీ గుండుకీ మధ్య ఎంత ఎడముందో సరిగ్గా అంతే ఎడంతో, వరసగా మచ్చలుంటాయి. నకిలీ సరుక్కి అంత క్రమశిక్షణ ఎక్కడిది? దీనికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ముప్పై ఏళ్లు కన్వేయర్లూ పంపులూ నడిపించిన మనిషికి ఇంటి లేతుకు బేరింగు ఎక్కించడం రాదా? వచ్చు. అయితే అక్కడ బేరింగును హీటరు మీద నూటపది డిగ్రీలదాకా వేడిచేస్తే రింగు వ్యాకోచించి, సుత్తి పని లేకుండా షాఫ్టు మీదికి జారేది. ఆట ఎంతుందో డయల్ గేజి చెప్పేది. లాగ్‌బుక్కులో ఆ కొలత కింద ఫోర్‌మన్ సంతకం ఉండేది. పనితనం సగం ఆయన చేతుల్లో ఉంటే, మిగతా సగం ఆ పద్ధతిలో ఉండేది. రిటైరైన రోజు శాలువాతోపాటు ఇంటికొచ్చినవి చేతులు మాత్రమే. ఈ మాట నమ్మనివాళ్లు, చర్ల నుంచో దుమ్ముగూడెం నుంచో ఒక రైతు పంపు షాఫ్టు మోసుకొచ్చినప్పుడు బాబాయిని గమనించాలి. పెట్టెలోంచి మైక్రోమీటరు బయటికొస్తుంది. బేరింగును నూనెలో వేడిచేస్తారు. రైతు ఎదురుగా నిలబడి చూస్తున్నాడు కదా! అదే చేతులు సొంత లేతు దగ్గరికొచ్చేసరికి సుత్తి పడతాయి. అంటే బాబాయికి లోటు విద్య కాదు, పక్కన నిలబడి చూసే మనిషి.

ఆ మనిషి ఇంట్లోనే ఉంది. పిన్ని వంటింట్లో తాలింపు వేస్తూనే, "ఏందయ్యా, నిన్నటిదాకా గరగర, ఇయ్యాల కీచుమంటాంది" అంటుంది. బాబాయి స్క్రూడ్రైవరు మొన హెడ్‌స్టాకుకీ పిడి చెవికీ ఆనించి, కళ్లు మూసుకుని విని, "ఏం లేదు" అని తేలుస్తారు. ఆమెకు మిషన్ల గురించి ఏం తెలుసంటారేమో. తెలియనక్కర్లేదు. ఫ్యాక్టరీలో మీటరు పెట్టి నెలనెలా వణుకు కొలిచి రాసుకునేదీ ఇందుకే: నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకోవడానికి. ఆ తేడా పిన్ని చెవికి రోజూ అందుతూనే ఉంది. కనుక లాగ్‌బుక్కు ఆమెకిచ్చి, బేరింగు ఎక్కించే వేళ డయల్ గేజి ముందు ఆమెనే నిలబెట్టడం మంచిది. ఈ ఏర్పాటుకు బాబాయి అభ్యంతరం ఒక్కటే. లాగ్‌బుక్కులో సంతకం పెట్టాల్సింది ఫోర్‌మన్, ఈ ఇంట్లో ఆ పోస్టు ఇంకా భర్తీ కాలేదట.