ఏడింటి లోపు

అప్పు వసూలు కోసం పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటాక ఎవరికీ ఫోను చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. అందుకని విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఆ మేడ రెండో అంతస్తులో ఆరున్నరకి మొదలయ్యే హడావిడి రోజు మొత్తంలో ఇంకెప్పుడూ కనిపించదు. చేతిలో ఉన్న కాల్స్ అన్నీ ఏడింటి లోపు ముగించాలి.

అక్కడ కూర్చున్న అందరిదీ ఒకటే పని. వాయిదాల మీద సెల్‌ఫోను కొని, వాయిదా తప్పినవాళ్ళని పలకరించడం.

లెక్క చిన్నదే. ఫోను పద్దెనిమిది వేలు. షాపులో మూడు వేలు కడితే చేతికిస్తారు. మిగతాది నెలకి పదిహేను వందల చొప్పున పది నెలలు. వడ్డీ లేదని బోర్డు మీద ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉందని బోర్డు మీద ఉండదు. ఐదో తారీఖున బ్యాంకు ఖాతాలోంచి వాయిదా దానంతటదే పోతుంది. ఖాతాలో డబ్బు లేకపోతే బౌన్సు. బౌన్సుకి ఐదు వందలు, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ, వెరసి 590. బ్యాంకు తన వంతు వేరే కోస్తుంది. ముప్పై రోజులు దాటితే పేరు రెండో బకెట్‌లోకి వెళ్తుంది. తొంభై దాటితే మొండి బాకీ. ఈలోగా, ఫోను అమ్మేటప్పుడే అందులో ఎక్కించి పెట్టిన యాప్ ఒకటి నిద్ర లేచి ఫోనుకి తాళం వేస్తుంది.

ఆ అంతస్తుకి టీమ్ లీడర్ ఒకాయన. పదకొండేళ్ళుగా ఇదే పని. అక్కడ చదివే స్క్రిప్టు ఆయన రాసిందే. ఐదు అంచెలు. మొదటిది పలకరింపు, కాల్ రికార్డవుతోందని చెప్పడం. రెండోది బాకీ ఎంతో చెప్పడం. మూడోది ఎందుకు తప్పిందో అడగడం. నాలుగోది తాళం సంగతి. ఐదోది ఒకే ఒక్క వాక్యం.

'ఈ సంగతి మీ ........ దాకా వెళితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించారా అండీ?'

అప్పు తీసుకున్నవాడి ఇంట్లోవాళ్ళ జోలికి పోకూడదని కూడా అదే ఆదేశంలో ఉంది. అందుకని ఆయన దాన్ని బెదిరింపుగా రాయలేదు. ప్రశ్నగా రాశాడు. స్క్రీను మీద వయసు చూసుకుని ఆ చుక్కల్లో మాట వేసుకోవాలి. ముప్పై లోపు అయితే అమ్మానాన్నలు. కొత్తగా పెళ్ళయినవాళ్ళయితే అత్తింటివాళ్ళు. యాభై దాటితే పిల్లలు. ఆ వాక్యం దాకా వచ్చిన కాల్ ఉత్త చేతులతో తిరిగి రాదని ఆయన నమ్మకం. చాలావరకు నిజం కూడా.

ఆ వాక్యాన్ని ఇంతవరకు నోట పలకనివాడు ఆ అంతస్తులో ఒక్కడే. నాలుగు నెలల కిందట చేరిన కుర్రాడు. ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నాడు. గొంతు మంచిది, తెలుగు స్పష్టంగా పలుకుతాడు. కానీ అవతలివాళ్ళు కష్టం చెప్పుకుంటే 'అయ్యో' అంటాడు. నాలుగో అంచె దాటకుండా తారీఖు రాసుకుని ఫోను పెట్టేస్తాడు. ఆ తారీఖున డబ్బు రాదు.

టీమ్ లీడర్ ఆ రోజు మధ్యాహ్నం అతన్ని పిలిచాడు.

"ఉద్యోగం ఉంటుందో లేదో ఈ వారం తేలుస్తారు. క్వాలిటీ వాళ్ళకి నీది ఒక్క కాల్ పంపాలి. ఐదు అంచెలూ ఉన్న కాల్ కావాలి. ఉందా?"

కుర్రాడు తల దించుకున్నాడు.

"సాయంత్రం నీ పక్కనే కూర్చుంటా" అన్నాడు టీమ్ లీడర్.

అన్నట్టే ఆరున్నరకి కుర్చీ లాక్కుని, రెండో హెడ్‌సెట్ తగిలించుకుని, మార్కుల కాగితం ముందు పెట్టుకున్నాడు. మొదటి రెండు నంబర్లు ఎత్తలేదు. మూడోది స్విచాఫ్. ఆరూ నలభై నాలుగుకి డయలర్ ఇంకో నంబరు కలిపింది. స్క్రీను మీద పేరు, వయసు 58, బాకీ వచ్చాయి.

కుర్రాడు మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, ఈ కాల్ ఇంకెవరికైనా మార్చొచ్చా?"

"డయలర్ ఇచ్చాక మార్చేదేం లేదు. మాట్లాడు."

అవతల ఎత్తారు. కుర్రాడు కంపెనీ పేరు చెప్పాడు. తనకి పెట్టిన పేరు చెప్పాడు; సొంత పేర్లు అక్కడ ఎవరూ చెప్పరు. కాల్ రికార్డవుతోందన్నాడు.

కాసేపు చప్పుడు లేదు. చాలామంది అక్కడే పెట్టేస్తారు. ఈ పెద్దాయన పెట్టలేదు.

"రికార్డవుతుందా బాబూ?"

"అవునండీ."

"మీ పైవాళ్ళు కూడా వింటారా?"

"వింటారండీ."

"సరే. అడగాల్సినవన్నీ అడగండి."

ఇలాంటివాళ్ళు దొరకడం అదృష్టం. టీమ్ లీడర్ బొటనవేలు ఎత్తి చూపించాడు.

"రెండు వాయిదాలు, రెండు బౌన్సులు. మొత్తం 4,180 రూపాయలండీ."

గొంతు తగ్గింది. టీమ్ లీడర్ వేలితో బల్ల మీద తట్టాడు. కుర్రాడు ఆ అంకె మళ్ళీ చెప్పాడు, గట్టిగా.

"అంతే ఉంటుంది బాబూ. నేనూ అంతే అనుకున్నా."

"ఎందుకు తప్పిందో చెప్పాలండీ."

"కుట్టుమిషను మోటారు కాలిపోయింది. బాగుచేయించేసరికి పెళ్ళిళ్ళ సీజను దాటిపోయింది. పని లేదు."

కుర్రాడు టైపు చేస్తున్నాడు. టీమ్ లీడర్ చీటీ మీద రాసి ముందుకి తోశాడు. 'ఫోను ఎవరి దగ్గరుంది?' కుర్రాడు చీటీ చూశాడు. బల్ల మీద మళ్ళీ చప్పుడైంది.

"ఫోను ఎవరి దగ్గరుందండీ?"

"మావాడి దగ్గర. ఉన్న ఫోను బాగానే ఉండేదండీ. ఉద్యోగానికి అది పనికిరాదన్నారట, కొత్తది ఉండాలన్నారట. వాడికి సిబిల్ లేదని లోను ఇవ్వలేదు. నా పేరు మీద తీసుకున్నాం."

టీమ్ లీడర్‌కి దారి దొరికింది. రెండో చీటీ రాశాడు. 'కొడుక్కి తెలుసా?'

ఈసారి బల్ల రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది.

"వాయిదాలు తప్పినట్టు... ఆయనకి తెలుసాండీ?"

"తెలియదు బాబూ. కడుతున్నాననే చెప్తున్నా. వాడికొచ్చేది గది అద్దెకి, తిండికి సరిపోతే చాలు."

టీమ్ లీడర్ చీటీ కింద గీత గీశాడు. నాలుగో అంచె మీద వేలు పెట్టాడు. కుర్రాడు చదివాడు.

"ఎల్లుండి లోపు కట్టకపోతే ఫోను లాక్ అవుతుందండీ. సిబిల్ స్కోరు పడిపోతుందండీ."

"నా స్కోరు పోతే పోనీండి. ఫోను లాకయితే వాడి ఉద్యోగానికేమన్నా ఇబ్బందా?"

"హాజరు పడదండీ" అన్నాడు కుర్రాడు.

ఇది స్క్రిప్టులో లేదు. అయినా బాగుందనిపించింది టీమ్ లీడర్‌కి. అక్కడ హాజరు కూడా యాప్‌లోనే వేయాలి, ఆ యాప్ పాత ఫోన్లలో ఎక్కదు. కుర్రాడు తనకి తెలిసినదాన్ని సమయానికి వాడుకున్నాడు. కాగితం మీద 'సొంత బుర్ర' అని రాసి పక్కన రెండు మార్కులు వేశాడు.

"అలాగా" అన్నాడు పెద్దాయన. "అయితే ఎల్లుండి దాకా ఎందుకు బాబూ. రేపు పొద్దున్నే కట్టేస్తా. మిషను అడిగినవాళ్ళున్నారు."

కుర్రాడు హెడ్‌సెట్ తీయబోయాడు. డబ్బు వస్తోంది, తారీఖు వచ్చింది. కాల్ పూర్తయినట్టే. టీమ్ లీడర్ చెయ్యి పట్టుకుని ఆపాడు. గోడ గడియారంలో ఆరూ యాభై ఆరు. ఐదో అంచె మీద పెన్ను పెట్టి, చుక్కల మీద ఆనించాడు.

"ఒప్పుకున్నారు కదా సార్" అన్నాడు కుర్రాడు, మైకు మూసి.

"ఒప్పుకున్నవాళ్ళు పొద్దునకి మర్చిపోతారు. ఈ వాక్యం విన్నవాళ్ళు మర్చిపోరు. యాభై ఎనిమిది. ఏ మాటో తెలుసుగా?"

"తెలుసు సార్."

"చదువు."

కుర్రాడు మైకు మీద నుంచి చెయ్యి తీశాడు. కాగితం చూడలేదు. స్క్రీనూ చూడలేదు.

"ఈ సంగతి మీ పిల్లల దాకా వెళితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించారా అండీ?"

అక్షరం తడబడలేదు. టీమ్ లీడర్ ఐదో గడిలో పదికి పది వేశాడు. కింద 'ఉద్యోగంలో కొనసాగించవచ్చు' అని రాసి సంతకం చేస్తుండగా హెడ్‌సెట్‌లో పెద్దాయన గొంతు వినిపించింది.

"వెళ్ళింది కదరా, చిన్నోడా."