జీఐ పైపు ఆత్మకథ

జింకు పూత పూసిన ఇనుప గొట్టాన్ని నేను. మీ భాషలో జీఐ పైపును. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో అమెరికాలోని మేరీల్యాండ్‌లో, ఒక చెక్క ఇంటి గోడలో చన్నీళ్ల లైనుగా నన్ను బిగించారు. చాలాకాలం ఒకే కుటుంబానికి నీళ్లిచ్చాను. ఆ తర్వాత అద్దెకు దిగినవాళ్లు ఒకరికొకరు ఏమీ కారు. తాగుడో మత్తుమందో మానేసి, చికిత్స ముగిశాక వెళ్లడానికి ఇల్లు లేక వచ్చినవాళ్లు.

వాళ్లు కలిసి ఉండడానికి ఎంచుకున్న పద్ధతి పుట్టింది మా రాష్ట్రంలోనే. 1975లో సిల్వర్ స్ప్రింగ్‌లో తాగుడు మానినవాళ్ల కోసం నడిచే ఒక ప్రభుత్వ వసతిగృహం డబ్బుల్లేక మూతపడబోతే, అందులో ఉంటున్నవాళ్లే ఆ ఇంటిని అద్దెకు తీసుకుని ‘ఆక్స్‌ఫర్డ్ హౌస్’ అన్నారు. వార్డెను ఉండడు. అద్దె పంచుకోవాలి, ఏదైనా ఓటుతోనే తేల్చుకోవాలి, మళ్లీ తాగినవాడు ఇల్లు వదలాలి. మా ఇంట్లోనూ అవే నియమాలు.

వాళ్ల నియమాలు బాగానే నడిచాయి, నడవనిది నేనే. జింకు అరిగిపోయాక ఇనుముకు తుప్పు పట్టింది, ఆ తుప్పు పేరుకుని నా లోపల పెన్సిలు దూరేంత సందే మిగిలింది. తెల్లారితే అందరూ పనులకు పరుగెత్తాలి, స్నానాలగది ఒక్కటే. కింద ఎవరైనా కుళాయి తిప్పారా, పైన షవర్లో చన్నీళ్లు ఆగి ఒట్టి వేణ్ణీళ్లు వీపు మీద పడేవి. ఇక అరుపులే! తాగుడు మానిన కొత్తలో మనిషికి నిద్ర ఉండదు, చిన్నదానికే చిర్రెత్తుతుంది. అలాంటి ఒక ఉదయం ఒకతను సంచి సర్దేశాడు. తోటివాళ్లు మెట్ల మీద కూర్చోబెట్టి, బతిమాలి ఆపారు. ఆ గొడవకు కారణం నేనే.

ఆ వారం సమావేశంలో ఓటేసి, ఇంటి యజమానికి గట్టిగా ఉత్తరం రాశారు. ఆయన ప్లంబరును పంపాడు. 1978కి ముందు కట్టిన ఇళ్ల రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి, దుమ్ము లేవకుండా గోడ తడిపి, పట్టా పరిచి మరీ కోశాడు. నా చోట వంగే ప్లాస్టిక్ గొట్టం వచ్చింది. నేను పాత ఇనుముకు పోయాను.

ఒక్క ఫిర్యాదు మిగిలింది. ఇలాంటి కొత్త ఇల్లు మొదలుపెట్టేవాళ్లకు 4,000 డాలర్ల దాకా అప్పిచ్చే నిధి కోసం 1988లో అమెరికా చట్టం చేసింది. రెండేళ్లలో ఆ అప్పు తీర్చేయాలని అందులో రాశారు. కానీ పైపులు పాడయ్యేది ఆ తర్వాతే! ఇలాంటి ఇళ్లు తెరిచేవాళ్లారా, అద్దె లెక్కల పుస్తకంలో మరమ్మతులకూ ఒక గడి గీసుకోండి.